ఆ నీళ్లు ఎవరి చెరువులోవి?

పోయిన నెల ఇదే పేజీలో ఒక మాట రాశాను, మాయల కథలో మంత్రం పనిచేయడం కంటే అది పనిచేసినాక ఏం పోయింది అనేదే నన్ను చదివిస్తుందని. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. మంత్రగత్తెని పెట్టి డార్క్ ఫాంటసీ నవల రాస్తున్నవాళ్లు మన జిల్లాల్లోనే ఇంతమంది ఉన్నారని తెలిసి చాలా సంతోషమైంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, ఈసారి ఈ ఒక్క విషయం మీద వచ్చినవాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, నేను హనుమకొండలో డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. కాకతీయుల కాలంలాంటి ఒక ఊహా రాజ్యంలో నవల రాస్తున్నాను. కరువులో ఎండిపోయిన చెరువుని ఒక మంత్రగత్తె నింపుతుంది. మంత్రం వేసినప్పుడల్లా ఆమె ముక్కులోంచి రక్తం కారుతుంది, స్పృహ తప్పి పడిపోతుంది. ఆరు చాప్టర్లు చదివిన ఫ్రెండ్స్ బాగుంది కానీ టెన్షన్ లేదు అంటున్నారు. ఎక్కడ తప్పు పోయింది?

జవాబు: తప్పు నీ ఉత్తరంలోనే కనబడుతోంది చెల్లీ. ఆమెకి రక్తం కారింది, పడిపోయింది, తర్వాతి చాప్టర్లో లేచి మళ్లీ మంత్రం వేసింది. పొద్దంతా వంగి నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లకి కూడా అంత అలసట ఉంటుంది. ఒక రాత్రి నిద్రతో తీరిపోయేదాన్ని ధర అని ఎట్లా అంటాం? మొదటిసారి చదివేవాళ్లు అయ్యో అనుకుంటారు, మూడోసారికి ఆమె లేస్తుందని వాళ్లకి తెలిసిపోతుంది, ఇక నువ్వు ఎంత రక్తం రాసినా ఎవరికీ గుండె ఝల్లుమనదు.

ఇంకో సంగతి నీ నవల్లో ఎవరూ అడగనేలేదు. ఆ చెరువులోకి వచ్చిన నీళ్లు ఎక్కడివి? కాకతీయుల కాలం అన్నావు కాబట్టి మన గొలుసుకట్టు చెరువుల్ని ఒకసారి గుర్తు తెచ్చుకో. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువుకి పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులు ఆ కాలంలో కట్టినవే, ఇప్పటికీ వాటి కింద పొలాలు పారుతున్నాయి. పై ఊరివాళ్లు మత్తడి మీద మట్టి బస్తాలు పేర్చి ఎత్తు పెంచితే కింది ఊరి వరి ఎండుతుంది, ఆ ఒక్కదాని కోసం కర్రలు పట్టుకుని తలలు పగలగొట్టుకున్నవాళ్ల కథలు పెద్దమనుషులు ఉన్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నీ మంత్రగత్తె తన ఊరి చెరువు నింపిన రాత్రి నాలుగు కోసుల దూరంలో ఇంకో చెరువు అడుగు తేలాలి. తెల్లారి బిందె పట్టుకుని వచ్చిన ఒక పిల్ల, నిన్న మోకాలిదాకా నీళ్లున్న చోట బురదలో నోరు తెరుచుకుని కొట్టుకుంటున్న కొర్రమట్టని చూడాలి. ఆ పిల్లని మంత్రగత్తెకి ఎదురు తీసుకురా, అదీ చివరిదాకా దాచకుండా ఏడో చాప్టర్లోనే. ఊరంతా కట్ట మీద డప్పులు కొట్టుకుంటూ కట్టమైసమ్మకి బోనాలు తెస్తుంటే ఆ గుంపులో ఒట్టి బిందెతో ఒక్క పిల్ల నిలబడి ఉంటే, నీ ఫ్రెండ్స్‌కి టెన్షన్ అదే వస్తుంది.

ఇక ఆమె ఒంట్లోంచి పోయేదాని గురించి. మా పెద్దమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఆకు చుట్టి, దారం కట్టి, గోటితో కొసలు లోపలికి నొక్కేది. కూలి వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క, అందుకని మాట్లాడుతున్నా, పిల్లల్ని కసురుతున్నా చేతులు ఆగేవి కావు. ముప్పై ఏళ్లు అట్లా చేశాక, రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే అది తీసుకోలేదు. ఇంకో వేలు పెట్టింది. కొంగుకి తుడుచుకుని మళ్లీ మొదటి వేలే పెట్టింది. వేళ్ల మీద గీతలు లేవు, నున్నగా అరిగిపోయాయి. వెనక లైన్లో ఉన్నవాళ్లు తొందరపెడుతుంటే ఆమె తన వేళ్లని తనే కొత్తగా చూసినట్టు చూసుకుంది. నీ మంత్రగత్తెకి ఇట్లాంటిది ఒకటి పెట్టు. ప్రతి మంత్రానికీ అరచేతిలో ఒక గీత పోతుంది అనుకో. మొదట్లో ఆమెకే తెలియదు. ఒకరోజు సోది చెప్పే ఎరుకలమ్మ ఆమె చేయి పట్టుకుని, కాసేపు చూసి, ఏమీ చెప్పకుండా, ఇచ్చిన బియ్యం కూడా అక్కడే వదిలేసి లేచిపోతుంది. ముక్కులోంచి కారే రక్తం కంటే ఇది ఎక్కువ రోజులు వెంటాడుతుంది.

ప్రశ్న: మంత్రానికి ధర ఎంతో మొదట్లోనే చెప్పెయ్యాలా, దాచిపెట్టి చివర్లో బయటపెట్టాలా? దాస్తేనే సస్పెన్స్ ఉంటుందని నా అభిప్రాయం. (జనగామ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చెప్పెయ్యండి తమ్ముడూ, అంకెతో సహా చెప్పెయ్యండి. మన దగ్గర అప్పు ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలకి వంద మీద రెండు, ఏడాదికి 24. యాభై వేలు తెచ్చినవాడు నెలకి వెయ్యి కడుతూనే ఉంటాడు, అసలు కదలదు. నోటు మీద సంతకం పెట్టేటప్పుడే ఈ లెక్క వాడికి తెలుసు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపుకుని కాంటా కోసం ఎదురుచూస్తున్న రైతుని చూడండి, ఆయన భయమంతా లెక్క బాగా తెలిసినవాడి భయం. నోట్లోనే కూడికలు తీసివేతలు చేసుకుంటూ ఉంటాడు. మీ మంత్రగత్తె కూడా అట్లాగే లెక్క వేసుకోవాలి, ఈ మంత్రానికి నా ఆయుష్షులో ఒక ఏడు పోతుంది, పోయినదానికి మిత్తి ఇంత, ఇంకా నా దగ్గర ఎన్ని మిగిలాయి అని. చదివేవాడు ఆమెతో పాటు లెక్క వేయడం మొదలుపెట్టాడంటే పుస్తకం కింద పెట్టడు.

దాచాలనుకుంటే దాచాల్సింది వేరే ఉంది. జమానతు ఎవరిది? ఆమె కట్టలేకపోయిన రోజు అది ఎవరి మీద పడుతుంది? అప్పు తెచ్చినాయన పోతే ఆ నోటు పట్టుకుని ఇంటికి వచ్చినవాడికి ఎవరు తలుపు తీస్తారో మన ఊళ్లలో చూసినవాళ్లమే. ఆ పేరు నోటు మీద మొదటి పేజీ నుంచీ ఉండాలి, ఆమె చదవలేదు అంతే.

ధర అంటే రక్తం, ఆయుష్షు అనే అనుకోకండి. రుద్రమదేవి గురించి చదివారా? శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాశారు. ఆమె కూర్చున్నది సింహాసనం మీద, మంత్రం ఊసే లేదు, అయినా తన పేరుని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆమె మరణం గురించి చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. అన్నేళ్లు రాజ్యం చేసిన మనిషిని కొలువులో ఒక పేరుతో, ఇంట్లో ఇంకో పేరుతో పిలిచి ఉంటారని ఊహిస్తేనే నాకు ఒక నవల కనబడుతుంది.

ప్రశ్న: మేడం, నేను జగిత్యాల వైపు ఒక ఊళ్లో టీచర్‌ని. నా చిన్నప్పుడు మా పక్క ఊళ్లో బాణామతి చేస్తుందని ఒక ఆడమనిషిని చెట్టుకి కట్టేసి కొట్టారు. ఇప్పుడు పిల్లలు మంత్రగత్తెల నవలలు చదువుతుంటే నాకు బాధగా ఉంటుంది. మన నేల మీద ఇట్లాంటి కథలు రాయడం తప్పు కాదా?

జవాబు: సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చాలా ప్రశ్నలకి నేను వెంటనే జవాబు రాసేస్తాను, దీనికి మూడు రోజులు పట్టింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా వాడ చివర ఒక ముసలమ్మ ఒక్కతే ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆకుపసర్లు తెలుసు, తేలు కుడితే అందరూ ఆమె దగ్గరికే ఉరికేవాళ్లు. పొద్దున పసరు పోయించుకున్నవాళ్లే సాయంత్రం ఆమె కళ్లు మంచివి కావు అనేవాళ్లు. ఒక సంక్రాంతికి ఆమె నన్ను పిలిచి రెండు సకినాలు చేతిలో పెట్టింది. నువ్వులు ఎక్కువేసింది, చుట్టు కొంచెం వంకరపోయింది, ఇంకా వేడిగా ఉన్నాయి. మా అవ్వ ముందే చెప్పి ఉంచింది, ఆమె ఏమన్నా ఇస్తే వద్దనకు, తినకు, తెచ్చి పారెయ్యి అని. నేను సందు మలుపు తిరిగి మోరీలో వేసేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె గుమ్మం దిగి మలుపుదాకా వచ్చి నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. మళ్లీ సంక్రాంతికి నన్ను పిలవలేదు. ఆమెని ఎవరూ కొట్టలేదు సార్, ఆమె మంచం మీదే పోయింది. కానీ ఆ మోరీ దగ్గర నిలబడ్డ మనిషి నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మన ఊళ్లలో బాణామతి పేరు ఎట్లా పుడుతుందో మీకు నేను చెప్పక్కరలేదు. ఒకరికి కామెర్లు ముదురుతాయి, ఒకరికి తాగి తాగి కడుపు ఉబ్బుతుంది, ఒక పిల్లకి ఫిట్స్ వస్తాయి, పాడి గేదె ఉన్నట్టుండి పాలు ఇవ్వడం మానేస్తుంది. ఆసుపత్రికి పోవడం ఆలస్యమవుతుంది. ఇంటి ముందు ఒక నిమ్మకాయ, ఇంత పసుపు కుంకుమ కనబడితే చాలు. అప్పుడు వాడలో ఎవరికి వెనక మనుషులు లేరో వాళ్ల పేరు బయటికి వస్తుంది, చాలాసార్లు ఒంటరి ముసలమ్మే, లేకపోతే పొలం గట్టు తగాదా ఉన్న ఇంటివాళ్లు. అట్లా పేరు బయటికి వచ్చినవాళ్ల పళ్లు రాలగొట్టడం వెనక కూడా ఒక నమ్మకం ఉంది. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరని, పలుకు తప్పితే మంత్రం పారదని. ఏ మంత్రమూ రాని నోట్లోంచి పళ్లు ఊడగొట్టారు, మన తెలంగాణ జిల్లాల్లోనే. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. ఆడవాళ్లని మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో చట్టాలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అందుకే రాయాలి అంటాను నేను, కానీ ఒక షరతు మీద. నవల్లో మంత్రం నిజం. అక్కడ మంత్రగత్తె నిజంగానే చెరువు ఎండబెట్టగలదు. చదివిన పిల్లవాడు పుస్తకం మూసి, మరి మా ఊరి ముసలమ్మ మీద చెప్పింది కూడా నిజమేనేమో అనుకునే ప్రమాదం ఉంది, మీ బాధ అదే అని నాకు అర్థమైంది. రాసేవాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. మీ కథలో మంత్రం రాని ఒక ఆడమనిషిని కూడా పెట్టండి. మంత్రగత్తె చేసిన పనికి ఊరు ఆ రెండోమనిషిని పట్టుకోవాలి. మంత్రగత్తె గుంపు వెనక నిలబడి అది చూడాలి. నేనే చేశాను అని ముందుకు వస్తే తన పని ఆగిపోతుంది, రాకపోతే ఆ రెండోమనిషి పళ్లు పోతాయి. ఇంతకంటే ఖరీదైన మంత్రం నాకు తెలియదు. మీ క్లాసులో ఒక్క పిల్ల ఆ పేజీ చదివి సందు చివర ముసలమ్మ ఇచ్చింది తింటే, ఆ నవల ఎందుకు రాశారని ఎవరూ అడగరు.

ప్రశ్న: మాది ములుగు. మేడారం సమ్మక్కని శక్తులున్న మంత్రగత్తెగా చూపిస్తూ ఫాంటసీ రాయాలని ఉంది. పేరు మార్చక్కరలేదు కదా?

జవాబు: వద్దు బాబూ. పేరు మార్చినా వద్దు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో ఆ తల్లిని గద్దె మీదికి తెచ్చేది కోయ పూజారులు. ఆమె వాళ్లకి ఇంటి మనిషి, మనందరికీ తల్లి. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మీదికి వస్తే నిలబడి పోరాడిన మనిషిగా ఆమె కథ చెప్పుకుంటారు. ఆమెకి మన మంత్రాలు తగిలించడం అంటే ఆ పోరాటాన్ని తక్కువ చేయడమే. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయికి కూడా ఇదే సందర్భంలో ఒక మాట, కాకతీయ రాజ్యం అంటే గుళ్లు చెరువులే కాదు, దాని అంచుల్లో కప్పం కట్టినవాళ్లు కూడా ఉన్నారు. నీ ఊహా రాజ్యంలో వాళ్లు ఎక్కడున్నారో చూసుకో.

అయితే జాతరకి పోయి చూడు, నీ నవలకి పనికొచ్చే సంగతి అక్కడ ఉంది. కాంటాలో ఒకవైపు మనిషి, ఒకవైపు బెల్లం. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు, నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కుకుంటారు. పిల్ల బతికితే ఇస్తాను అన్న తండ్రి, పిల్ల బతికాక ఆ పిల్లనే కాంటాలో కూర్చోబెట్టి తూకం వేయించి నవ్వుతూ ఇస్తాడు. తల్లి ముందే అడగలేదు, ఇవ్వకపోతే లాక్కోలేదు. నీ కథలోని మాయశక్తి ముందే లాక్కుంటుంది, తూకం తనే వేస్తుంది, కాంటా ఎటు మొగ్గిందో మనిషిని చూడనివ్వదు. ఈ రెంటికీ తేడా తెలిసినవాడు రాస్తే ఆ నవల మన ఊళ్లోంచి వచ్చినట్టుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. రాత్రిళ్లు ఇట్లాంటి చీకటి కథలే చదువుతోంది. ఆపాలా? (కాజీపేట)

జవాబు: నిద్ర పాడవుతుంటే టైం పెట్టండి, పుస్తకం లాక్కోవద్దు. ఆమె చదివేదాంట్లో ఒకటి మీరూ చదవండి. ఆ మంత్రగత్తె చోట నువ్వుంటే ఏం ఇచ్చేదానివి అని అన్నం తినేటప్పుడు అడగండి. ఆ వయసు పిల్లలు ఈ ప్రశ్నకి చెప్పే జవాబులు మామూలుగా మనకి చెప్పని సంగతులు.

ప్రశ్న: మంత్రగత్తె అని రాయాలా, మాంత్రికురాలు అని రాయాలా, సోర్సరెస్ అని అట్లాగే ఉంచాలా? మాటలు తెలంగాణలో రాస్తే ఫాంటసీ లుక్ పోతుందని ఒకరు అన్నారు. (కరీంనగర్)

జవాబు: మూడోది తీసేయండి. మొదటి రెండూ ఉంచండి, ఎవరు ఏది అంటారో చూసి వాడండి. అవసరం ఉండి కొలువుకి పిలిపించిన రాజు మాంత్రికురాలు అంటాడు, అవసరం తీరాక వీధిలో రాయి చేత పట్టుకున్నవాడు మంత్రగత్తె అంటాడు. మీ కథ ఎటు తిరిగిందో ఆ ఒక్క మాట మారడంతోనే తెలుస్తుంది. మిగతా మాటలు మన ఇళ్లలోనే ఉన్నాయి. కట్టు కట్టడం, కట్టు విప్పడం, దిష్టి తీయడం, మందు పెట్టడం, మంత్రం పారడం. ఇన్ని మాటలు పెట్టుకుని ఇంగ్లీషులోంచి ఎందుకు తెచ్చుకోవాలి?

ఫాంటసీ లుక్ అన్నది నాకు అర్థం కాలేదు. భయం ఎప్పుడూ ఇంట్లో మాట్లాడే భాషలోనే వస్తుంది. చీకట్లో వెనక నుంచి ఎవరో "భయపడకుము కన్యా" అంటే పిల్లలు కూడా భయపడరు. "ఏం బిడ్డా, ఇంకా పండుకోలేదా?" అని వినపడిందనుకోండి, ఇంట్లో ఇంకెవరూ లేరని ఆ విన్న పిల్లకి తెలుసనుకోండి.

ప్రశ్న: నా నవల్లో మంత్రగత్తె ప్రతి మంత్రానికీ ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటుంది. చివర్లో ఆమె చనిపోవాలా? నేను రాసిన మూడు ముగింపుల్లోనూ ఆమె చనిపోతోంది, మూడూ నాకు నచ్చలేదు. (నర్సంపేట)

జవాబు: చనిపోతే అప్పు తీరిపోయినట్టే కదమ్మా, అందుకే నచ్చలేదు. మన పాత కథల్లో మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకుంటాడు, చిలక మెడ విరిస్తే కథ అయిపోతుంది. అవి చెప్పుకునే కథలు, వాటికి ఆ ముగింపు బాగుంటుంది. మీరు మూడు వందల పేజీలు ఆమె ఒక్కొక్కటే పోగొట్టుకోవడం చూపించి ఒక్క దెబ్బతో వదిలేస్తే చదివినవాళ్లకి ఏదో ఎగ్గొట్టినట్టు ఉంటుంది.

మీ మంత్రగత్తె ప్రతి మంత్రానికీ ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటుందని రాశారు. జ్ఞాపకం అనేది పెద్ద మాట, చదివేవాళ్ల కంటికి కనబడదు. దాన్ని వరస చేసి చూడండి. మన దగ్గర వరస లేకుండా నోరు తెరవలేం. బాపు, కాక, చిన్నమ్మ, మేనత్త, బావ, వదిన, ఊళ్లో రక్తసంబంధం లేనివాళ్లకి కూడా ఏదో ఒక వరస పెట్టే పిలుస్తాం. ఒక్కో మంత్రానికి ఆమె నోట్లోంచి ఒక్కో వరస రాలిపోతుంది అనుకోండి. మనుషులు గుర్తుంటారు, పిలవడానికి మాట ఉండదు. మొదట దూరపు వరసలు పోతాయి, ఆమె పట్టించుకోదు. ఒకరోజు మేనమామ ఎదురొస్తే ఏమండీ అంటుంది, ఆయన తనని కాదనుకుని పక్కకి చూస్తాడు. తర్వాత అక్క. తర్వాత బాపు.

చివరి మంత్రం అయిపోయింది, ఊరు బతికింది, ఆమె నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. వాకిట్లో ఒక ముసలామె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఈమె గేటు దగ్గరే ఆగింది, చెప్పులు విప్పాలో వద్దో తెలియలేదు. నోరు తెరిచింది. కన్నతల్లిని పిలిచే అవ్వ అనే మాట ఉన్న చోట ఏమీ లేదు.

"అమ్మా, కొన్ని మంచినీళ్లిస్తారా?" అంది.

ఆ ముసలామెకి కళ్లు సరిగ్గా కనబడవు, గొంతు మాత్రం ఎక్కడున్నా పోల్చుకుంటుంది. కన్నబిడ్డ తనని మీరు అనడం విన్న ఆ చేతులు బియ్యంలో ఎంతసేపు ఆగిపోయాయో రాయండి. చెంబు తేవడానికి లేచిందా లేదా అన్నది మీ ఇష్టం, నేనైతే లేపను. రాసినాక ఆ చాప్టర్ ఒకసారి నాకు పంపండి.